జెట్ బండికి సుత్తి దెబ్బ

"డ్రైవర్ బతికి తీరాలి, రొదియోన్. బండి సంగతి తర్వాత," అన్నాడు కల్నల్ బెస్పలోవ్.

నెత్తిన రెండు జెట్ ఇంజిన్లున్న రైలుపెట్టె అది. వోల్గా ఒడ్డు టెస్ట్ యార్డులో ఏజెంట్ రొదియోన్ మూడు నెలలుగా చక్రాలు పరీక్షించే కూలీ వేషంలో ఉన్నాడు. చేతిలో పొడుగు సుత్తి. కొడితే చక్రం ఖంగుమనాలి. బొంగురుపోయిందంటే పగులున్నట్టే.

"బాంబు ఇంజిన్‌లో ఉంటుంది," అని కబురు తెచ్చింది ఇన్నా. లెనిన్‌గ్రాడ్ అందగత్తె, నక్కతోలు టోపీ, ఈ బండిని పేల్చాలని చూస్తున్న విదేశీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమెను నమ్మి తెల్లారినప్పటి నుంచీ ఇంజిన్లే గాలించారు. ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం డ్రైవర్ యెగోర్ సవ్విచ్ క్యాబిన్ మెట్టు మీద చతికిలబడ్డాడు. "కూర్చోండ్రా అందరూ! దారి చల్లగా ఉండాలి."

ప్రయాణానికి ముందు ఒక్క నిమిషం మౌనంగా కూర్చునే ఆచారాన్ని ఇక్కడ పార్టీ పెద్దలు కూడా తప్పరు. ఇంజినీర్లు పట్టాల మీదే కూర్చున్నారు. ఇన్నా ఒక్కతే నిలబడింది.

"కోటు మాస్తుందా తల్లీ?" అన్నాడు సవ్విచ్.

"కాళ్ళు నొప్పి, బాబాయ్," అని మొహం తిప్పుకుంది.

రొదియోన్‌కు అర్థమైపోయింది. ఇక్కడ పుట్టిన పిల్ల, చావబోయేవాడికి మంచిదారి కోరడానికి మనసొప్పక నిలబడింది! ఇంజిన్ మాట అబద్ధం. మరి ఎక్కడ?

చక్రాల దగ్గరికి ఉరికాడు. ఒకటి ఖంగుమంది. రెండోదీ, మూడోదీ అంతే. ఈలోగా సవ్విచ్ లోపలికెక్కి తలుపు వేసుకున్నాడు. నాలుగోది బొంగురుపోయింది. ఎవరో ఇరుసును సగానికి పైగా కోసేశారు.

అరిచేలోపే ఇంజిన్లు గర్జించాయి. రొదియోన్ బండి ముందుకు పరిగెత్తి రెండు చేతులూ ఊపాడు. అద్దం వెనకనుంచి సవ్విచ్ నవ్వుతూ తనూ చెయ్యి ఊపాడు, వీడ్కోలనుకుని.

బండి కదిలింది. రొదియోన్ సుత్తిని ఇంజిన్ నోట్లోకి విసిరాడు.

ఫెళ్ళుమని పేలింది. పొగ కమ్మింది. ఇరవై అడుగుల్లో బండి ఆగిపోయింది. ఆ గొడవలో ఇన్నా మాయమైంది.

ఇరుసు సంగతి పరమ రహస్యమన్నారు. ప్రాజెక్టు మూసేశారు. జెట్ రైలును నాశనం చేసినందుకు ఇన్నాకు అవతల దేశం పతకం ఇచ్చిందట. బండి మనది, సుత్తి మనది, పతకం మాత్రం ఆవిడ మెడలో! థూ!

వసంతంలో స్టేషన్ క్యాంటీన్‌లో సవ్విచ్ కనబడ్డాడు. ఇప్పుడు బొగ్గు గూడ్సు నడుపుతున్నాడు. రొదియోన్‌ను చూడగానే టీగ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"బతుకులో ఒక్కసారి గాల్లో తేలిపోదామనుకున్నాన్రా. నీకేం అన్యాయం చేశాను? తాగొచ్చావా ఆ రోజు?"

రొదియోన్ తల దించుకున్నాడు. "తాగే ఉన్నాను, బాబాయ్."

సవ్విచ్ నేల మీద ఉమ్మి వెళ్ళిపోయాడు.

నిజానికి రొదియోన్ అంతవరకూ వోద్కా ముట్టి ఎరగడు. రహస్యం కోసం ఆడిన అబద్ధానికి సాక్ష్యం ఉండాలి కదా, ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు.