కోయని కుళఫిలా

రిసార్టు దోనె తీరానికి ఇంకా అర మైలు దూరంలో ఉండగానే జినాన్‌కి ఆ పసుపు కనబడింది.

వానలో దీవి మొత్తం బూడిద రంగులో ఉంది. మసీదూ, కొబ్బరిచెట్లూ, రేవు గోడా అన్నీ ఒకటే ముద్ద. దక్షిణపు ఒడ్డున మాత్రం ఇసక మీద ఓ ముక్క మేర పసుప్పచ్చటి పూలు.

ఫొటోలు తీసుకునేవాళ్ళకి అది అందం. దీవి వాళ్ళకి కాదు. కుళఫిలా ఆకు పూత రాకముందే గిల్లాలి. పూసిందంటే ఆకు ముదిరి చేదెక్కుతుంది, చేపల్లోకీ కొబ్బరిలోకీ పనికిరాదు. అందుకే ఆడవాళ్ళు వారం వారం ఎవరి ముక్క వాళ్ళు కోసుకుంటారు. ఒకరి ముక్క పూసిందంటే ఆ ఇంట్లో మనసులు బాగాలేవని అర్థం.

ఆ ముక్క నష్ఫాది. మూడు నెలల కిందటి దాకా జినాన్ భార్య. తలాక్ గడువు తీరేదాకా, ఇంకో నాలుగు రోజులు, చట్టప్రకారం భార్యే.

రేవు పక్క పాకలో రిసార్టు వంటింటికి కొనే ఆకుల కట్టలు పేర్చి ఉన్నాయి. తాళ్ళ కుర్చీలో నష్ఫా పిన్ని హవ్వా కూచుని ఉంది. ఆమె వెనకాల, తడిసిన తలగుడ్డతో నష్ఫా. మొదట నష్ఫాయే అందుకుంది, అతనితో కాదు, పిన్నితో.

"పిన్నీ, ఆ పెద్దమనిషిని అడుగు. ఆకులకి ఎప్పుడూ వచ్చే అతనేడీ?"

"రిసార్టు వాళ్ళు మనిషిని మార్చారని చెప్పండి పిన్నీ."

"మార్చారా, ఇతనే మారాడా అని అడుగు."

"తన కట్టలేవని అడగండి."

"కొయ్యలేదని చెప్పు. వాన."

"మిగతావాళ్ళ మీద పడలేదటా ఆ వాన?"

"వాళ్ళ మీద వేరే వాన పడింది."

హవ్వా పిన్ని అటూ ఇటూ తిరిగి మెడ పట్టుకుంది. "చాల్లే! ఈ దీవిలో సగం మంది విడిపోయి మళ్ళీ కలిసినవాళ్ళే. మీ బాబాయిని నేను రెండుసార్లు చేసుకున్నా. ఎవరూ ఇంత రభస చెయ్యలేదు. అబ్బాయ్, గురువారంతో గడువు తీరిపోతుంది. కోర్టు ఆఫీసు తెరిచే ఉంది. తలాక్ మాట వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్క చెప్పిరా. నేను పోయి రోషీ రొట్టెలు కాల్చుకోవాలి."

కుర్చీ ఊగుతూ ఉండగానే ఆవిడ వెళ్ళిపోయింది. ఇద్దరికీ మధ్య ఇక ఎవరూ లేరు.

రోజూ వచ్చిపోయే గొడవ కాదు వాళ్ళది. నష్ఫాకి డెంగ్యూ వచ్చి తొమ్మిది రోజులు మంచం మీద ఉంది. రిసార్టు కిటకిటలాడుతోంది, జినాన్‌ని వంటింట్లోంచి కదలనివ్వలేదు. కదలాలని అతనూ పెద్దగా పోట్లాడలేదు. "అయితే నాకు మొగుడెందుకు?" అంది ఫోన్లో. అతను రెండు డ్యూటీలు చేసి ఉన్నాడు. "వద్దులే అయితే," అని ఆ తలాక్ మాట అనేశాడు. ఫోన్ పెట్టకముందే నాలుక కోసుకోవాలనిపించింది. కానీ పౌరుషం ఒకటి ఏడిసింది కదా, అది మూడు నెలలు నడిచింది.

"నిజంగా ఎందుకు కొయ్యలేదు నష్ఫా?"

ఆమె సముద్రం వైపు చూసింది. "వంగి కోస్తుంటే దోనె కనపడదు."

జినాన్‌కి ఇక కాలు నిలవలేదు. "ఆఫీసుకెళ్తాను. ఇప్పుడే చెప్పేస్తాను."

"వెనక్కి తీసుకోడానికి నేనేమన్నా దోనెలో మర్చిపోయిన గొడుగునా?"

"గురువారం దాటితే మనం ఒకరికొకరం ఏమీ కాము!"

"దాటనీ. అప్పుడు నీకు నా మీద ఏ హక్కూ ఉండదు. నేను వద్దనగలిగినప్పుడు వచ్చి అడుగు."

"వద్దంటే?"

"అంటానేమో."

అయినా అతను కోర్టు ఆఫీసు దాకా వెళ్ళాడు. ఒక్క ముక్క చెబితే చాలు, నష్ఫా తనది. గుమాస్తా తలెత్తి ఏం కావాలన్నాడు. జినాన్ గుమ్మంలోనే ఆగి బయటికి చూశాడు.

"ఏం లేదు. వాన తగ్గుతుందేమోనని."

వాన తగ్గలేదు. అతను తడుస్తూనే దోనెక్కాడు.

గురువారం లాంటి రోజు పగవాడికి కూడా వద్దు. పొద్దుట్నించీ రిసార్టు వంటింట్లో చేపలు కోస్తూ గోడ గడియారం వంకే చూశాడు. పొద్దుగూకింది, నమాజు పిలుపు వినబడింది, అంతే, అయిపోయింది. ఆకాశం విరిగిపడలేదు. "పులుసులో ఉప్పు రెండుసార్లు వేశావేం?" అని పెద్ద వంటవాడు కేకలేశాడు. జినాన్ గిన్నెలో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఆదివారం సముద్రం బాగాలేదు, వానా ఆగలేదు. సరంగుని బతిమాలి బయల్దేరదీశాడు. రేవులో నష్ఫా ఒక్కతే ఉంది. ఇప్పుడు ఆమె పరాయిది. జినాన్ నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"ఆలోచించుకోవాలి."

"ఎన్నాళ్ళు?"

"మూడు నెలలు. నేను చూసినన్నాళ్ళు నువ్వూ చూడు. ప్రతి ఆదివారం వచ్చి నాకు కనపడి వెళ్ళు. ఒక్క వారం మానేసినా మళ్ళీ మొదటినుంచి."

"సముద్రం బాగోకపోతే?"

"నాకు జ్వరమొచ్చినప్పుడు సముద్రం బాగానే ఉంది."



"వస్తాను," అన్నాడు. "క్షమించమని అడగను. వస్తాను."

సరంగు హారన్ కొట్టాడు. జినాన్ తలొంచుకుని దోనె వైపు నడిచాడు. కాలు పలక మీద పెట్టబోతుండగా ఆమె పిలిచింది.

"జినాన్! ఆ తల తుడుచుకో."

వెనక్కి తిరిగాడు. నష్ఫా ఏడుస్తోంది, కోపంగా ఏడుస్తోంది.

"నీకు జ్వరమొస్తే ఈ మూడు నెలలూ గట్రా నావల్ల కాదు. నేనొచ్చేస్తాను."