నంబర్లన్నీ కలిసిన రైఫిల్

ఆస్ట్రేలియాలోని లిత్‌గో షోగ్రౌండ్ వెనక, తన యూట్ ట్రక్కు స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు నోయెల్ పాస్క్. నిద్రపోతున్నాడనుకుని ఎవరో అద్దం తట్టి కాఫీ కూడా ఇవ్వబోయారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు చూసింది గ్లెనిస్ టారంట్ ఒక్కతే. అతని చివరి మెసేజ్ ఆమె ఫోన్లో ఉంది: "బహుమతి రైఫిల్ డేంజర్."

ఏళ్ల తరబడి తనతో ఒకే కార్లో కూర్చుని కాపలా కాసిన మనిషి. ఏడవడానికి టైం లేదు.

చెవిలో రిసీవర్ గరగరలాడింది. అవతల గూఢచారి డిపార్ట్‌మెంటు బాస్ కోల్ ఫెయిర్‌వెదర్.

"సోలమన్ దీవుల మంత్రి మాఎలంగా వచ్చేశాడు. వాళ్ల తాత యుద్ధంలో వాడిన రైఫిల్ ఇవాళ స్టేజీ మీద ఆయన చేతికిస్తారు. రేపు చేపల ఒప్పందం మీద సంతకం. అది జరక్కూడదని ఓ విదేశీ ముఠా పంతం. ఆ రైఫిల్ సంగతి తేల్చు."

"సభే ఆపేయొచ్చుగా బాస్?"

"ఆధారం లేకుండా ఆపితే మంత్రిని అవమానించామంటారు. స్కానర్‌కేం తెలుస్తుంది? తుపాకీ అంటేనే ఇనుము కదమ్మా!"

షోగ్రౌండ్ హాలు నిండా పాత సైనిక సరుకు అమ్మే బల్లలు. గ్లెనిస్ వేషం, పోయిన మొగుడి తుపాకులకు జోడీలు వెతుక్కునే వితంతువు. బహుమతి రైఫిల్ సబీనా క్రే బల్ల మీద ఉంది. ఎర్రటి లిప్‌స్టిక్, తెల్లటి గ్లవుజులు. ముఠా రహస్యాలు డిపార్ట్‌మెంటుకు చేరవేసే మనిషి ఆమే. ఈ రైఫిల్ని వెతికి తెచ్చిందీ ఆమే.

"ఏమే గ్లెన్, ఆ మొహమేంటి? ఓవెన్లో స్కోన్లు మాడాయా?"

"నోయెల్ పోయాడే."

"అయ్యో!" అంది సబీనా. గ్లవుజు సర్దుకుంది.

గ్లెనిస్ పెన్ కెమెరా గొట్టంలోకి దించింది. గాడులు అరిగాయి కానీ తుప్పు లేదు. చెక్కకు సానపట్టి మెరిపించిన పాపం ఎవరూ చేయలేదు. వెనక చెక్క అడుగున ఇత్తడి మూత తీసింది. తుపాకీ తుడిచే నూనె సీసా ఉండాల్సిన చోటే ఉంది. ఇక నంబర్లు. బోల్టు మీద, గొట్టం మీద, మూతి దగ్గర, ముందు చెక్క మీద ఒకటే నంబరు. ఒక్కటి తేడా పడినా ఈ హాల్లో సగం ధర పోతుంది, మర్యాద పూర్తిగా పోతుంది. కొత్తగా కొట్టిన నంబరైతే అంచు గోటికి తగులుతుంది. తగల్లేదు.

"అసలుదే," అంది కాలర్ మైకులో బాస్‌తో. మరి నోయెల్ దేనికి చచ్చిపోయాడు?

స్టేజీ మీద మాఎలంగా తాటిచెట్టంత ఉన్నాడు.

"మా తాత ఇంతే!" అని తన గుండె దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "నా చెవి మెలిపెట్టాలంటే బెంచీ ఎక్కేవాడు. ట్రిగ్గర్ అందక తిప్పలు పడుతుంటే మీ సార్జెంటే పొట్టి చెక్క బిగించిచ్చాడట. చివరిదాకా దాన్ని మార్చలేదు!"

హాలంతా నవ్వు. రైఫిల్ ఆయన చేతికొచ్చింది.

"సార్, గురిపెట్టండి! ట్రిగ్గర్ నొక్కండి!" అని అరిచారు ఫొటోగ్రాఫర్లు.

ఆయన భుజానికెత్తాడు. కొలత తీసి కుట్టించినట్టు అమరింది.

గ్లెనిస్ కళ్లు ఆయన భుజం దగ్గర ఆగాయి. పొట్టివాడి రైఫిల్ పొడుగువాడికి ఎలా అమరుతుంది? వెనక చెక్క మీద నంబరుండదు. నంబర్ల పిచ్చిలో హాల్లో ఎవరూ దాని వంక చూడరు. తనూ చూడలేదు. పొట్టి చెక్కలో పట్టనిదేదో పొడుగు చెక్కలో పెట్టారు!

ఆమె కుర్చీలు తోసుకుంటూ స్టేజీ ఎక్కింది. ట్రిగ్గర్ కదిలింది. దాని వెనక సందులోకి తన వేలు దూర్చేసింది. ఎముక కలుక్కుమంది.

"వేలు తీయండి సార్! తీయండి!"

"ఏంటమ్మా ఇది? మా తాతది..."

"ముందు సగమే మీ తాతది సార్!"

బాంబు స్క్వాడ్ చెక్క విప్పితే, నూనె సీసా వెనక పేలుడు ముద్ద, ట్రిగ్గర్ దాకా సన్నటి తీగ.

పక్క తలుపు దగ్గర సబీనాను పట్టుకున్నారు. హ్యాండ్‌బ్యాగులో సూది దొరికింది.

"నంబర్లన్నీ కలిశాయని నువ్వే అన్నావుగా గ్లెన్!"

"కలిశాయి. నువ్వు ముఠా కోసం చెక్క మారుస్తుంటే నోయెల్ చూశాడు, అంతేనా?"

సబీనా ఈసారీ గ్లవుజే సర్దుకుంది.

రిసీవర్లో కోల్ గొంతు చిన్నబోయింది. "అంటే రైఫిల్ నకిలీదేనా?"

గ్లెనిస్ వాచిన వేలికి రుమాలు చుట్టుకుంటూ పార్కింగ్ వైపు, ఆ యూట్ వైపు చూసింది.

"రైఫిల్ చాలా మటుకు అసలుదే బాస్. గోటితో గీరి చూడాల్సింది దాన్ని తెచ్చినావిడని."