పదోసారి అన్న మాట

కూలిన యంత్రం జ్ఞాపకాన్ని విప్పి చదివే విప్పరి మూడోసారి కూడా ఎక్కలేదు. తొంభై రెండు శాతం దగ్గర గీత ఆగిపోయి, తెర మీద మళ్లీ అదే వాక్యం వచ్చింది: “ఈ యంత్రంలో దీనికి అనుమతి లేదు.”

చౌడేశ్వరి గడియారం చూసింది. పదీ నలభై. పన్నెండింటికి, మాట విని కాలువల షట్టర్లు నడిపే యంత్రం నీటికావలి జ్ఞాపకాన్ని కడిగేస్తారు. సాయంత్రం పోటుకి సముద్రం మళ్లీ పైకొస్తుంది. ఆలోగా కావలి లేచి డెల్టాలోని ఆరు వందల షట్టర్లనూ చేతిలోకి తీసుకోవాలి. కడిగితేనే లేస్తుంది. కడిగితే, మొన్న ఉదయం అది కుప్పకూలిన క్షణంలో దాని తలలో ఏముందో చెప్పే ఒకే ఒక్క ఫైలు, కడనకలు, దాంతోపాటే పోతుంది.

ఆ ఫైలు తప్ప పేతురుకి వేరే దిక్కు లేదు.

పేతురు ఏడో లాకు దగ్గర షట్టర్లు చూసుకునే లస్కరు. గది మూలన స్టూలు మీద కూర్చున్నాడు, మణికట్టుకి పసుపు పట్టీతో. కడనకలు తెరిచేటప్పుడు నిందితుడు ఎదురుగా ఉండాలని నిబంధన. అతనికి పక్కగా విచారణాధికారి కామేశం, ఒళ్లో తెరిచి పెట్టుకున్న దస్త్రంతో.

“ఎక్కనిదాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చుంటారండీ చౌడేశ్వరిగారూ?” అన్నాడు కామేశం. “విప్పరి వాడి పన్నెండేళ్లయింది. తన తప్పు తనే చెప్పే యంత్రానికి డాక్టరెందుకు? నివేదిక ఇచ్చేసిందిగా.”

ఇచ్చింది. ఒకే వాక్యం. “మానవ ఆజ్ఞ: నీరు వదులు. తొమ్మిదిసార్లు.”

ఏడో లాకుకి పది షట్టర్లు. ఆ ఉదయం ఒకటే పైకి ఉంది. మిగతా తొమ్మిదీ ఒకదాని వెనక ఒకటి లేచాయి. పోటుమీదున్న ఉప్పునీరు కాలువలోకి తోసుకొచ్చి, రొయ్యల చెరువు గట్టున కాపలా గుడిసెలో ఉన్న ఇద్దర్ని ముంచేసింది. ఒక్కసారైతే నోరు జారిందనుకోవచ్చు. తొమ్మిదిసార్లన్నవాణ్ణి ఏమనుకోవాలి?

“ఆపమనే అన్నానండి,” అన్నాడు పేతురు. రెండు రోజులుగా అతను చెబుతున్నది అదే. “ఏ మాటతో అన్నానో గుర్తులేదండి. ఆపమనే.”

“తొమ్మిదిసార్లు ఆపమంటే తొమ్మిదిసార్లూ తెరిచిందా? అంత పగేంటయ్యా దానికి నీ మీద?”

పేతురు తల దించుకున్నాడు. “ఆ గుడిసెలో మొగుడూ పెళ్లాలకి రోజూ పొద్దున్నే నేనే టీ పట్టికెళ్లేవాణ్ణండి,” అన్నాడు.

మనుషుల గొంతు దాచిపెట్టకూడదని చట్టం. కావలి మాట వింటుంది, అర్థం తీసుకుంటుంది, మాటని చెరిపేస్తుంది. మిగిలేది అర్థమే. పేతురు నోటివెంట వచ్చిన అసలు మాట ఎక్కడైనా మిగిలిందంటే, చెరపడానికి వ్యవధి దొరకని ఆ ఆఖరి క్షణంలోనే మిగిలి ఉండాలి.

అనుమతి లేదంటోంది బల్ల మీది యంత్రం. అనుమతి ఇవ్వాల్సింది కావలి. కావలేమో పడిపోయి ఉంది. చౌడేశ్వరికి అప్పుడు తట్టింది. కుర్చీ వెనక్కి నెట్టి, బల్ల కింద దూరి, అనుమతుల కోసం గోడలోంచి వచ్చే తీగ పీకేసింది. అడగడానికి అవతల ఎవరూ లేకపోతే యంత్రం అడగదు.

నాలుగోసారి గీత తొంభై రెండు దాటింది. నూరయింది.

“ఎక్కిందబ్బా,” అంది తనలో తాను.

కడనకలు తెరుచుకుంది. తెర నిండా అంకెలు, పైనుంచి కిందకి, ఊపిరాడనంత దట్టంగా. ఏ అంకె షట్టరో, ఏది మాటో చెప్పాలంటే పేరుపటం కావాలి. అదీ కావలి తయారైన రోజు గీసిందే కావాలి. ఒక్క రోజు తేడా ఉన్నా ఒకదాని పేరు ఇంకోదానికి తగిలిస్తుంది. పాత పెట్టెల్లో మొదట దొరికిన పటం మర్నాటిది. విప్పరి దాన్ని తిప్పికొట్టింది. ఇంకో ఇరవై నిమిషాలు పోయాయి. సరైన పటం దొరికేసరికి పదకొండూ ఇరవై రెండు.

అంకెలు ఒక్కొక్కటే మాటలుగా మారాయి.

చివరి వరుస ముందు చదివింది. “పదకొండో షట్టరు ఎత్తు.” లేని షట్టరు. దాన్ని ఎత్తబోయి కావలి కూలింది.

“ఆజ్ఞలు తొమ్మిది కాదు, పది,” అంది చౌడేశ్వరి. “పదోది నివేదికలోకి ఎక్కకముందే పడిపోయింది. ఆ మాట ఇంకా ఇందులోనే ఉంది.”

కామేశం లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె ఆ వరుస తెరిచి పైకి చదివింది.

“నీళ్లు కట్టెయ్.”

పేతురు తల ఎత్తాడు.

“ఆఁ, అదేనండి,” అన్నాడు పేతురు మెల్లగా. “అదే అన్నానండి. కుళాయి కట్టెయ్, ఫ్యాను కట్టెయ్ అంటాం గదండీ మావైపు. నీళ్లు కట్టెయ్ అంటే ఆపెయ్యమని.”

“శిక్షణలో ‘షట్టరు దించు’ అనమని నేర్పలేదూ?” అన్నాడు కామేశం. ఈసారి గొంతులో వెటకారం లేదు.

“నేర్పారండి. పదకొండేళ్లూ అదే అన్నానండి. ఆయేళ నీళ్లు అంతెత్తున రావడం చూసేసరికి నోటికి ఇంట్లో మాట వచ్చేసింది.”

“అది తెరుచుకుంటుంటే మళ్లీ అదే ఎందుకన్నావు?”

“వినపడలేదేమో అనుకున్నానండి. ఇంకా గట్టిగా అన్నాను. చేత్తో తిప్పే చక్రాలు కావలి వచ్చినప్పుడే తీసేశారు గదండీ. నా దగ్గర నోరు తప్ప ఏముందండి?”

అతను ఆపమని అరిచిన కొద్దీ అది తెరుస్తూ పోయింది.

చౌడేశ్వరి ఆ మాట కింద ఉన్న వరుస చూస్తోంది. పదకోశం, 4417. కట్టు, నీటితో కలిసి వచ్చినప్పుడు. అర్థం: పొలానికి నీరు వదులు. తిరిగి అడగాలా: వద్దు. ఆ ఉదయం వాడకం: పది.

రెండర్థాలున్న ప్రతి మాటకీ కావలి తిరిగి అడుగుతుంది, అడగొద్దని మనిషి చెబితే తప్ప.

ఆమెకి ఇరవై రెండేళ్లప్పుడు ఇచ్చిన మొదటి ఉద్యోగం పదకోశం నింపడం. ఆమె వంతు 4400 నుంచి 4500. ఈ మాట వచ్చినప్పుడు క్షణం కూడా ఆగలేదు. వాళ్ల నాన్న పార భుజాన వేసుకుని “నీళ్లు కట్టనీకి పోతా ఉండా” అని శనగచేను వైపు నడిచేవాడు. ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని ఆ పిల్లకి తోచలేదు. ‘వద్దు’ మీద టిక్కు పెట్టింది. తర్వాతి మాటకి వెళ్లింది.

గడియారం పదకొండూ నలభై ఎనిమిది.

“పదకోశంలో లోపం,” అన్నాడు కామేశం దస్త్రంలో రాసుకుంటూ. “సంఖ్య 4417. రాసిందెవరు?”

“ఈ పటంలో రాసినవాళ్ల పేర్లుండవు సార్. అవి ఉండేది నిండుపటంలో.”

“దానికి పైనుంచి అనుమతి రావాలంటే రెండు వారాలు. ఇంకో పన్నెండు నిమిషాల్లో ఇదంతా కడిగేస్తారు.” కలం ఆపాడు. “నిబంధన మీకు తెలుసు. ప్రతి నష్టానికీ ఒక మనిషి పేరుండాలి. సంఖ్య పేరు కాదు. వేరే పేరు లేకపోతే ఆజ్ఞ ఇచ్చినవాడి పేరే నిలుస్తుంది. నేనేం చెయ్యగలను?”

పేతురు ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూశాడు. “అంటే నేనేనాండి?”

చౌడేశ్వరి చేతులు బల్ల మీద ఉన్నాయి. నోరు మూసుకుని పన్నెండు నిమిషాలు కూర్చుంటే చాలు. 4417 ఎవరిదో ఈ భూమ్మీద ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

“ఇంతకుముందు ఇట్లా నీళ్లు వదిలిన కేసులు ఎన్నున్నాయి సార్?” అంది.

“మూడు. ముగ్గురూ లస్కర్లే. ముగ్గురూ జైల్లో ఉన్నారు.” చెబుతూ చెబుతూ కామేశం ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాడు. స్వరం తగ్గించాడు. “చౌడేశ్వరిగారూ, మీకేదైనా తెలిస్తే ఆలోచించి మాట్లాడండి. ఇక్కడ పేరు పలికితే ఆ మూడు కేసులూ తిరగదోడాలి. కావలి మాట నమ్మి ఇచ్చిన ప్రతి తీర్పూ తిరగదోడాలి. ఆ పేరున్న మనిషిని ఇక ఎవరూ కాపాడలేరు.”

“మాట నమోదు చేసే పరికరం పని చేస్తా ఉందా?”

కామేశం మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది.

ఆమె కుర్చీలోంచి లేచి పేతురు వైపు తిరిగింది.

“పేతురన్నా, నువ్వు ఆపమనే అన్నావు. దానికి తప్పు నేర్పినారు,” అంది.

“నేర్పినవారి పేరు,” అన్నాడు కామేశం, నియమం ప్రకారం.

“తలుపుల చౌడేశ్వరి.”