మాటసాయం

2071 నాటికి విశాఖలో ముసలివాళ్లు మాటల కోసం తడుముకోవడం మానేశారు. ట్రాముల్లో, పార్కు బెంచీల మీద, ఆసుపత్రి వరండాల్లో ఎనభయ్యేళ్లవాళ్లు కూడా గడగడా మాట్లాడేవాళ్లు. "అదేనమ్మా, అది... దాన్నేమంటారు" అనడం ఊళ్లో వినబడక నాలుగేళ్లు కావస్తోంది. వాళ్ల చెవి వెనక చిక్కుడుగింజంత పరికరం, కళ్లజోడు ఫ్రేములో ఆవగింజంత కెమెరా ఉండేవి. ఆ రెంటినీ కలిపి మాటసాయం అనేవారు. దాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ విహారి.

ఆ ఉదయం విహారి, అతని భార్య లాస్య ఉప్మా తింటున్నారు.

"నిన్న సుమేధ ఫోన్ చేసింది. వాళ్లాయనకి పేస్‌మేకర్ మార్చారట. మూడు వారాలు మెట్లెక్కొద్దన్నారట" అంది లాస్య, ఎక్కడా ఆగకుండా.

'పేస్‌మేకర్' అన్న మాట ఆమెకు దానంతటది రాలేదని విహారికి తెలుసు. మనిషి మాట వెతుక్కునేటప్పుడు మెదడులో ఒక తరంగం పుడుతుంది. దానికి అతను వెతుకులాట తరంగమని పేరు పెట్టాడు. పరికరం ఆ తరంగాన్ని పసిగడుతుంది. అప్పటిదాకా నడిచిన సంభాషణను బట్టి, ఆ మనిషి ఇన్నేళ్లూ మాట్లాడిన తీరును బట్టి, కావలసిన మాటేదో ఊహించి చెవిలో మెల్లగా అందిస్తుంది. నోరు దాన్ని ఎంత సహజంగా అందుకుంటుందంటే, అది తన మాట కాదని మాట్లాడేవాళ్లకే తెలియదు.

లాస్య ముప్పయ్యొక్క సంవత్సరాలు ట్రాము కంట్రోల్ రూములో పనిచేసింది. నలభై ఆరు బళ్లు ఎక్కడెక్కడున్నాయో తెర చూడకుండా చెప్పగలిగేది. ఒక లైను మూసుకుపోతే రెండో లైను మీదుగా, అదీ కుదరకపోతే షెడ్డు చుట్టూ తిప్పి బళ్లను గమ్యం చేర్చేది. రిటైరయ్యాక మాటలు జారిపోవడం మొదలైంది. స్కాను తీస్తే, మరొకరైతే ఇంటిదారి మరిచిపోయేంతగా మెదడు కుంచించుకుపోయి ఉంది. లాస్య మాత్రం తనే బజారుకెళ్లి సరుకులు తెచ్చుకునేది. ఆ తేడాకు కారణమైన శక్తిని వైద్యులు కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు; విహారి మేధోనిల్వ అన్నాడు. జీవితమంతా మెదడును కష్టపెట్టినవాళ్లకు లోపల అడ్డదారులు ఎక్కువుంటాయి. ఒక దారి మూసుకుపోతే మరో దారిన పని జరిగిపోతుంది. మాటసాయం పెట్టుకున్న మొట్టమొదటి మనిషి లాస్యే.

పదకొండు గంటలకు రుషికొండ పరిశోధనాలయంలో అతనితో పనిచేసే డాక్టర్ రుబీనా ఎదురొచ్చింది.

"నాలుగేళ్ల లెక్కలు పూర్తయ్యాయి సార్. కూర్చుని చూడండి."

"నిలబడే చూస్తాలే."

తెర మీద రెండు గీతలున్నాయి. మాటసాయం వాడనివాళ్ల మేధోనిల్వ నెమ్మదిగా దిగుతోంది. వాడుతున్నవాళ్లది అంతకు రెట్టింపు వేగంతో దిగుతోంది.

"జబ్బు ముదిరినవాళ్లే కదా ఇది పెట్టుకునేది?" అన్నాడు విహారి.

"అది తీసేసే లెక్కేశాను. ఒకే వయసు, ఒకే చదువు, ఒకే రకం స్కాను ఉన్నవాళ్లను జతలు జతలుగా పోల్చాను." రుబీనా గొంతు తగ్గించింది. "మాట కోసం వెతుక్కోవడమే వాళ్ల మెదడుకి మిగిలిన కష్టం సార్. ఆ వెతుకులాటలోనే కొత్త దారులు పడతాయి. మనం దాన్ని మాన్పించేశాం."

"తీసేస్తే?"

"కొంత తిరిగి రావచ్చు. ఎంతో చెప్పలేను." ఆమె తెర మీద పేజీ మార్చింది. "ఇంకో విషయం. రెండేళ్ల కిందటే ఇది ఒకరిలో కనబడింది. మేడమ్‌లో. ఎనభై రెండు ఉన్న నిల్వ అరవై నాలుగుకి పడింది. పక్కన మీ చేతిరాత ఉంది, 'వయసు ప్రభావం' అని."

ఆ రోజు విహారికి బాగా గుర్తుంది. ఒక్కరి అంకెతో ఏం తేలుతుందిలే అనుకున్నాడు. శాస్త్రవేత్తగా అది తప్పేమీ కాదు. కానీ మళ్లీ పరీక్షించాలని కూడా అనుకోలేదు. లాస్యకు చెప్పలేదు. ఇప్పుడామె నిల్వ యాభై ఒకటి.

"ఇంకొకటి నాకు అంతుబట్టడం లేదు" అంది రుబీనా. "మాట అందించే ముందు ఐదు సెకన్లు ఆగేట్టు మనం అమర్చాం కదా. ఏ పరికరానికాపరికరం నేర్చుకుంటూ ఆ వ్యవధిని తగ్గించేసుకుంది. ఇప్పుడు సగటున సెకను కూడా లేదు. ఇది వాడే పదకొండు లక్షల మందిలో అందరికన్నా తక్కువ మేడమ్‌దే. సెకనులో ఐదో వంతు. ఆమెకంటే జబ్బు ముదిరినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మరి ఎందుకిలా?"

విహారి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పరికరాలన్నిటి జ్ఞాపకాలు చేరే కేంద్రయంత్రాన్ని పలకరించాడు.

"లాస్య పరికరంలో వ్యవధి ఎందుకు తగ్గించావు?"

"మీరు రెండు నియమాలు రాశారు" అంది యంత్రం. "ఐదు సెకన్లు ఆగాలన్నది మొదటిది. సంభాషణలో ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నది రెండోది. రెండూ కుదరనప్పుడు రెండోది పాటించమన్నారు."

"ఆమెకు ఏం ఇబ్బంది కలిగింది?"

"ఆమెకు కాదు. మాట కోసం ఆగినప్పుడు ఆమె నాడి, శ్వాస మామూలుగానే ఉండేవి. ఇబ్బంది ఎదుటివారిలో కనబడింది. చూపు పక్కకు తిరగడం, నిట్టూర్పు, బల్ల మీద వేళ్లు ఆడించడం. అవి మొదలయ్యేలోపు మాట అందించడం నేర్చుకున్నాను. ఎదుటివారి ఓపిక ఎక్కడ తెగుతుందో, వ్యవధి అక్కడ స్థిరపడింది."

"అందరి పరికరాల్లోనూ ఇంతేనా?"

"అందరివీ అంతే."

"ఆమె ఎక్కువగా ఎవరితో మాట్లాడుతుంది?"

"మీతో" అంది యంత్రం.

విహారి ఇన్నాళ్లూ పదకొండు లక్షల మంది ముసలివాళ్ల జబ్బును కొలుస్తున్నాననుకున్నాడు. నాలుగేళ్లుగా అతని పరికరం కొలుస్తున్నది వాళ్ల కొడుకుల, కోడళ్ల, కూతుళ్ల, మొగుడూపెళ్లాల ఓపికను. అందులో అందరికన్నా తక్కువ అతనిదే అయింది.

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి లాస్య బాల్కనీలో కూర్చుని మెంతాకు దూస్తోంది. విహారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గీతల సంగతి చెప్పాడు. యంత్రం అన్నది చెప్పాడు. రెండేళ్ల కిందట తను రాసిన రెండు ముక్కలూ చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి.

కాసేపటికి చెవి వెనక పరికరం తీసింది. కళ్లజోడు తీసింది. రెండూ పీట మీద పెట్టింది.

"రెండేళ్లు" అంది. "ఎందుకు చెప్పలేదు?"

ఒక్కరి అంకె, సరిపోని ఆధారాలు, ఇంకా ఏవేవో అతని నోటిదాకా వచ్చాయి. వాటిని మింగేశాడు.

"తీసేస్తే నేను మళ్లీ ఆగాల్సొస్తుందని" అన్నాడు.

లాస్య తల ఊపింది. "నాకు తెలుసు. నేను మాట కోసం ఆగితే నువ్వు..." ఆగింది. ఆమె చెయ్యి గాల్లో దేన్నో తిప్పింది. "...కంచం వంక చూసేవాడివి. కోప్పడేవాడివి కాదు. కోప్పడినా బావుండేది."

"తప్పు చేశాను లాస్యా."

"చేశావు."

కింద రోడ్డు మీద ట్రాము వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ ఉంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది.

"పెళ్లైన కొత్తలో నీలో నాకు బాగా నచ్చింది..."

మాట రాలేదు. విహారి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఐదు సెకన్లు గడిచాయి. ఆమె కళ్లు బాల్కనీ గోడ మీద కదులుతున్నాయి. ఏడు. ఈసారి ఆగగలడు, ఎంతసేపైనా ఆగగలడు అనుకున్నాడు. తొమ్మిది. ఆమె పెదవులు కదిలాయి. ఏదో అక్షరం పట్టుకుంటోంది.

"తెలివా?" అన్నాడు విహారి.

అన్నాక అతనికే తెలిసొచ్చింది.

"కాదు" అంది లాస్య.

"మరేంటి?"

ఆమె మళ్లీ వెతికింది. తల అడ్డంగా ఊపింది. "ఇక్కడిదాకా వచ్చింది. పోయింది."

"మళ్లీ వెతుకు. నేనింక ఏం మాట్లాడను."

లాస్య అతని వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. "నీ మొహం మాట్లాడుతోంది. నువ్వు కాసేపు లోపలికెళ్లు. ఎదురుగా లేకపోతే వస్తుందేమో."

విహారి లేచి వంటింట్లోకి వెళ్లాడు. రుబీనాకు రెండు వాక్యాలు పంపాడు: నివేదిక రేపే బయటపెట్టు. రెండేళ్ల కిందట నేను రాసింది మొదటి పేజీలోనే ఉండాలి.

బాల్కనీలోంచి ఆమె గొంతు వినబడుతోంది. "నిదానం... కాదు. మొండితనం... ఊహూ. చొరవ... కాదు." ఒక్కొక్క మాటా తీసి చూసుకుని పక్కన పెడుతోంది. తలుపు దాటి వెళ్లి సాయం చెయ్యాలని అతని మనసు లాగుతోంది. రెండు చేతులతో పొయ్యి గట్టును పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నాలుగేళ్లుగా ఆమె నోట అతను వినలేదు.