చక్కెర సీసా మీది గీత

"అరంగుళం దిగింది! నా కళ్ళేమన్నా పోయాయనుకున్నావా?"

అత్తగారు చక్కెర సీసాను వెలుతురులోకి ఎత్తి పట్టుకుని పావుగంటగా అదే పాట! సీసా మీద సిరాతో గీత గీసింది ఆవిడే. చక్కెర ఆ గీత దాటి దిగిందంటే ఆ పూట కోడలికి భోజనం లేదు. తొమ్మిదేళ్ళుగా, పురిట్లోనే షుగరు బయటపడిన నాటి నుంచీ, ఆ ఇంట్లో ఇదే శిక్ష!

"ఒక్క చెంచా అత్తయ్యా... చెమటలు పట్టి కాళ్ళు వణికాయి..."

"షుగరు రోగం పెట్టుకుని చక్కెర బొక్కడం, పైగా వణుకొకటి! ఈ నాటకానికి టిక్కెట్టు పెట్టవే, ఇల్లు గడుస్తుంది."

కోడలు భర్త వైపు చూసింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు. ముందు గదిలో కుట్టుమిషను మీద బట్టలు కుట్టే కోడలికి ఎవరి భుజమైనా, నడుమైనా కంటితోనే కొలత తెలిసిపోతుంది. ఈ మనిషి కొలత మాత్రం ఇన్నేళ్ళయినా అందలేదు...

ఆ రోజే ఆమె కడుపునొప్పికి స్కానింగు. "నేనూ వస్తా! ఈ దొంగతిండి సంగతి డాక్టరమ్మ దగ్గరే తేల్చుకుంటా" అని అత్తగారు చెప్పులేసుకున్నారు.

డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. "ఇది క్లోమం, ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే చోటు. నిండుగా, నున్నగా ఉండాలి. మీ కోడలిది చూడండి, ఎంత సన్నబడిపోయిందో! అంచులు కూడా ఎగుడుదిగుడుగా ఉన్నాయి."

కోడలి కళ్ళకది తడిసి ముడుచుకుపోయిన గుడ్డముక్కలా ఉంది. తన లోపల ఇదా ఉన్నది!

"అంతా తీపి తినేగా?" అన్నారు అత్తగారు, గెలిచినట్టు.

"కాదమ్మా! ఈమెది తీపి తింటే వచ్చే జబ్బు కాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లోని రక్షణ కణాలే చంపేశాయి. అందుకే ఏళ్ళు గడిచేకొద్దీ ఇలా చిక్కిపోయింది. సూది వేసుకుని పూట తిండి మానితే రక్తంలో చక్కెర పడిపోయి వణుకొస్తుంది. అప్పుడు చెంచాడు చక్కెరే ప్రాణం నిలబెట్టేది! మొదటి రోజే మీ అబ్బాయికి చెప్పి పంపానే?"

అత్తగారు తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు వైపు తిరిగారు.

"చెప్పలేదేంరా?" అత్తగారి గొంతు పీలగా వచ్చింది.

"అంటే... నీదే తప్పంటే నువ్వు బాధపడతావని..."

తొమ్మిదేళ్ళు! ఎన్ని పూటలు గోడ పట్టుకుని నిలబడింది! ఏడుపు రాలేదు కోడలికి. నోరంతా చేదు...

సాయంత్రం అత్తగారు తానే కంచం పెట్టారు. కొంగు తడిపి సీసా మీది గీత రుద్దారు, మళ్ళీ రుద్దారు. పాత సిరా, పోలేదు. "తిను తల్లీ... నాకు తెలియక..." ఆవిడ కన్నీళ్ళు కంచం అంచున పడ్డాయి. కోడలి తొమ్మిదేళ్ళ కూతురు అమ్మ కొంగు పట్టుకుని బిక్కమొహంతో చూస్తోంది.

"ఏడవకండి అత్తయ్యా. మీకు తెలియదు." కోడలు కంచాన్ని మెల్లగా పక్కకు జరిపింది. "రేపట్నుంచి ముందు గదిలో నా పొయ్యి వేరు. నాకూ పాపకీ అక్కడే వంట. మీకు ఒంట్లో బాగాలేకపోతే చేస్తాను. ఒకరు పెడితే తినడం మాత్రం ఇక నావల్ల కాదు."

"మరి నేనో?" అన్నాడు భర్త.

"మీరు అత్తయ్య దగ్గరే తినండి. లేకపోతే ఆవిడ బాధపడతారు."

చక్కెర సీసా చంకన పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, ఆమె ముందు గదిలోకి నడిచింది.