పదకొండు షీట్లు, ఆరు గంటలు

1999 సెప్టెంబర్ 20, సోమవారం. ఉదయం 9.30.

పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఓ ఫ్యాక్టరీ. బల్ల మీద పొడవాటి ప్లాస్టిక్ ట్యూబు మూత తీశారు. జపాన్ నుంచి వచ్చిన డ్రాయింగులు అందులో పన్నెండు ఉండాలి.

పదకొండే ఉన్నాయి.

ఏడో షీటు లేదు. కొత్త వాల్వు గుట్టంతా అందులోనే ఉంది.

10.50కి ఎస్సై సుమిత్ర వచ్చేసరికి దొంగను కూడా తేల్చేశారు. లింగం. లక్డారం మనిషి. పద్దెనిమిదేళ్ల సర్వీసున్న ఫిట్టర్. ట్రైనింగ్ కోసం ఒక్కడే జపాన్ వెళ్లి, ఆ ట్యూబు తెచ్చింది అతనే. అతని టిఫిన్ డబ్బాతో సహా షెడ్డులో అందరి ముందూ సోదా చేశారు.

"గురువారం పదిన్నరకి అక్కడి ప్లాంటులో ట్యూబు తీసుకున్నాడు," అన్నాడు వర్క్స్ మేనేజర్ నాగరత్నం. "రైల్లో రెండున్నర గంటల ప్రయాణం. ఒంటిగంటకి హోటల్లో ఉండాలి. సాయంత్రం ఏడింటికి చేరాడు. హోటల్ వాళ్లు గురువారం రాత్రే పంపిన ఫ్యాక్స్ ఉంది. ఆ ఆరు గంటల్లో షీటు ఎవరికి అమ్మాడో అడగండి."

"ట్రైన్ లేటైంది మేడం." లింగం గొంతు బొంగురుపోయింది. పొద్దున్నుంచీ అదే మాట చెబుతున్నాడు.

ఎండీ నరసరాజు విసుగ్గా చెయ్యి ఊపాడు. "జపాన్‌లో ట్రైన్ ఆరు గంటలు లేటా? వినేవాళ్లుంటే ఏదైనా చెబుతావయ్యా!"

రైలు సంగతి అడుగుతూ జపాన్‌కు ఫ్యాక్స్ పెడితే రేపటికి గానీ జవాబు రాదు. ఎండీ మాత్రం ఇప్పుడే రిమాండ్ అంటున్నాడు. సుమిత్ర లింగం వైపు తిరిగింది.

"ఎందుకు లేటైంది?"

"తుఫాను మేడం. నడుమల ఏదో చిన్న స్టేషన్ల ఆపిండ్రు."

"దిగి హోటల్‌కు ఫోన్ చెయ్యలే?"

"దిగితే బండి పోతదేమోనని భయం. మైకుల ఏందేందో చెప్తుండ్రు, ఒక్క ముక్క తెల్వది. పక్కనున్న ముసలామెకు గడియారం చూపెట్టి చేతులు తిప్పిన. ఆమె గూడ చేతులే తిప్పింది. ఇగ ఎవర్ని అడగాలె? ట్యూబు ఒళ్లో పెట్టుకొని గట్లనే కూసున్న. దాన్ని ఇడిసి ఒంటికి గూడ పోలే మేడం."

"సాక్ష్యం ఏమన్నా ఉందా?"

"దిగినంక స్టేషన్ల రైల్వే ఆయన ఒకాయన, బండి లేటైనందుకు చీటీ ఇచ్చిండు. అందరికీ ఇచ్చిండు. వానకు జేబు తడిసింది. అందుకే ట్యూబుల, డ్రాయింగుల నడుమ చుట్టిపెట్టిన."

"ట్యూబులో ఏ చీటీ లేదు," అన్నాడు నాగరత్నం వెంటనే. "నలుగురి ముందు మూత తీశాం. లిస్టు రాశాం. సంతకాలున్నాయి."

సుమిత్ర లిస్టు రెండుసార్లు చదివింది. పదకొండు షీట్లు. ఇంకేమీ లేదు.

"ట్యూబు ఎవరికిచ్చినవ్?"

"నాగరత్నం సార్‌కే. శనివారం సాయంత్రం 5.10కి."

"నా బీరువాలో పెట్టి తాళం వేశాను," అన్నాడు నాగరత్నం. "నిన్న సెలవు. ఇంట్లోనే ఉన్నాను."

సుమిత్ర లేచింది.

"రిమాండ్ సంగతి?" అన్నాడు ఎండీ.

"సాయంత్రం చెప్త."

పటాన్‌చెరులో మొదటి షాపు. ఆదివారం తెరవలేదన్నారు. రెండో షాపు. అదే జవాబు. ఇస్నాపూర్ దగ్గర లారీ అడ్డం తిరిగి జీపు నలభై నిమిషాలు కదల్లేదు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. 1.45కి సంగారెడ్డిలో మూడో షాపు.

4.20. ఎండీ గది. నరసరాజు, నాగరత్నం, లింగం కూర్చుని ఉన్నారు. సుమిత్ర బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది. రెండు ముక్కలైన డ్రాయింగు. అరచేతి కంటే చిన్న చీటీ.

"లింగం అబద్ధమే ఆడాలనుకుంటే చీటీ పోయిందంటడు. ట్యూబుల పెట్టిన అని ఎందుకంటడు? ట్యూబు మీ దగ్గరనే ఉందాయె. చీటీ లేదంటే, సోమవారానికి ముందే ఎవరో మూత తీసిండ్రు. డ్రాయింగు తీసేటప్పుడు దాంట్ల చుట్టుకున్న చీటీ చూసుకోలే."

సుమిత్ర డ్రాయింగు ముక్కలు రెండూ పక్కపక్కన పరిచింది.

"ఇంత పెద్ద షీటు మామూలు జిరాక్స్‌ల పట్టదు. డ్రాయింగులు ప్రింట్ తీసే షాపుకే పోవాలె. ఆదివారం తెరిచింది సంగారెడ్డిల ఒక్కటే షాపు. మల్లయ్యా, రా."

షాపు యజమాని మల్లయ్య లోపలికి వచ్చి నాగరత్నం వైపు చూపించాడు.

"గీ సారే. ఇంటికి ఫోన్ చేసి షాపు తెరిపిచ్చిండు. 11.20 అయితది. మెషిన్ల చిక్కి కాగితం రెండు ముక్కలైంది. నన్ను తిట్టి, పారెయ్యమని పోయిండు. చీటీ అండ్లనే ఉండె. పనికొస్తదేమోనని అన్నీ దాసిపెట్టిన."

నాగరత్నం ఎండీ వైపు తిరిగాడు. "కాపీ తీసి తిరిగి పెట్టేద్దామనుకున్నా సార్... చిరిగిపోయింది."

"ఎవరి కోసం కాపీ?"

పోటీ కంపెనీ పేరు చెప్పాడు. చాలా మెల్లగా.

సుమిత్ర చీటీని ఎండీ ముందుకు జరిపింది. "వాళ్ల భాష నాకూ రాదు. అంకెలొస్తయి. నెల 9 దగ్గర గాటు. తేదీ 16 దగ్గర గాటు. లేటైన గంటలు, 6 దగ్గర గాటు. లింగం చెప్పింది ప్రతి ముక్కా నిజం."

4.50కి నాగరత్నాన్ని జీపెక్కించారు.

నరసరాజు గొంతు సవరించుకున్నాడు. "లింగం, కొత్త వాల్వు మెషిన్ పని మొదలుపెట్టాలి. రేపు డ్యూటీకి వచ్చెయ్."

లింగం కుర్చీలోంచి కదల్లేదు.

"గా చీటీ ఇచ్చినాయనకు నా అంత వయసుంటది సార్. తుఫాను ఆయన తెచ్చిండా? అయినా చీటీ ఇచ్చుకుంట ఒక్కొక్కరికి నడుము దాకా వంగిండు. నాకు గూడ. ఆరు గంటల కోపంల ఉన్న, ఆయన మొఖం గూడ సక్కగ సూడలే. ఇప్పుడు యాదికొస్తుండు."

"ఇప్పుడేమంటావ్?"

"షెడ్డోళ్ల ముందట నన్ను దొంగ అన్నరు. గాళ్ల ముందటనే కాదని చెప్పాలె. గది అయినంకనే మెషిన్ కాడికొస్త."

నరసరాజు గడియారం చూశాడు. షిఫ్టు వదలడానికి అయిదు నిమిషాలుంది. లేచాడు. షెడ్డులోకి నడిచి మెషిన్లు ఆపించాడు.

"లింగం దొంగ కాదు. తప్పు నాది," అన్నాడు.

వెనకాల ఉన్నవాళ్లు వినబడలేదన్నారు.

ఇంకా గట్టిగా, మళ్లీ చెప్పాడు.