ఏడో తలుపు రేడియో

అరుణపురంలో తలుపులకు గొళ్లాలు ఉండవు. 2094 నాటికి అంగారకుడి నేల కింద తవ్వుకున్న ఆ గని ఊళ్లో ప్రతి తలుపూ తీగల్లేని రేడియో సంకేతంతోనే లేస్తుంది. సంకేతం తెగిందా, లోపలి గాలి పోకుండా టన్ను బరువున్న ఉక్కు పలక దానంతటదే పడిపోతుంది. తలుపుకొక రేడియో కార్డు. దాన్ని నడిపేది లినక్సు అనే కంప్యూటరు వ్యవస్థ.

గొడవంతా ఆ కార్డును ఏ సాఫ్ట్‌వేరుతో నడపాలన్న దగ్గరే వచ్చింది. మొదటి షిఫ్టు ఇంజనీరు కోటిలింగానికి సప్లికెంట్ అనే ప్రోగ్రాం తప్ప మరొకటి గిట్టదు. ప్రతి అమరికా తన చేత్తో ఫైల్లో రాసుకోవాల్సిందే. రెండో షిఫ్టు ఇంజనీరు ఫిలోమినకు నెట్‌వర్క్ మేనేజర్ అనే ఇంకో ప్రోగ్రాం ఉంటే చాలు, అన్నీ అదే చూసుకుంటుంది. రెండూ మంచివే. కాకపోతే ఒకే కార్డు మీద విడివిడిగా రెండూ నడిస్తే ఒకటి కలిపిన లంకెను రెండోది తెంపుతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా షిఫ్టు దిగేటప్పుడు ఎవరి సాధనాన్ని వాళ్లు, ఎవరాపినా మళ్లీ లేచేలా గుట్టుగా అమర్చి పోవడం ఆరేళ్లుగా సాగుతోంది. ఈ పంతాల్లో రెండు షిఫ్టులవాళ్లూ ఇప్పటికే ఒకరి పళ్లు ఒకరు రాలగొట్టుకున్నారు.

అందుకే తలుపుకొకటి చొప్పున 'నిర్ణేత'ను తయారుచేశారు. సంకేతం దాటాల్సిన దూరాన్నీ, గోడల్నీ కొలిచి, ఒక సాధనాన్ని ఎంచి, రెండోదాన్ని పూర్తిగా ఆపేసే యంత్రం అది. ఆ తలుపు రేడియో కార్డును దాని పెట్టెలోనే బిగించారు. ఒక్కటే షరతు: మనిషి చెయ్యి కీబోర్డు మీద ఉన్నంతసేపూ మనిషి మాటే చెల్లుతుంది. మర్యాద కొద్దీ పెట్టిన షరతు, ఏం చేస్తాం!

ఆ రోజు షిఫ్టు మారే వేళకు ఏడో సొరంగం కూలింది. కోటిలింగం కూతురు భ్రమరాంబ, గాయపడ్డ ఒక కూలీతో ఏడో తలుపు అవతల చిక్కుకుంది. ఆమె సిలిండరులో పన్నెండు నిమిషాల గాలి మిగిలింది. పలక జానెడు లేస్తోంది, పడుతోంది.

"నీ మేనేజర్ ఆపవే తల్లీ! నా పిల్ల చస్తోందే!" కోటిలింగం కీబోర్డు బాదుతూ అరిచాడు.

"మీ సప్లికెంట్‌లో ఉన్నది పాత పాస్‌వర్డేమో, ఎవరికి తెలుసు సార్? మీరే ఆపండి!" పక్క కీబోర్డు మీద ఫిలోమిన వేళ్లూ ఆగలేదు.

"ఇద్దరూ చేతులు తీయండి," అంది నిర్ణేత.

తాను తీస్తే ఎదుటివారిది ఎక్కి కూర్చుంటుందని ఇద్దరికీ భయం. తొమ్మిది నిమిషాలు అలాగే పోయాయి.

కోటిలింగం లేచి రెంచి అందుకున్నాడు. మొదటి దెబ్బకు ఫిలోమిన భుజం విరిగింది. ఆమె రెండో చేత్తో కుర్చీ ఎత్తి అతని మొహం మీద కొట్టింది. ముక్కు పగిలి నోట్లోకి రక్తం కారుతుంటే అతను ఆమె జుట్టు పట్టి నేలకు ఈడ్చాడు. ఆమె అతని మణికట్టును ఎముక తగిలేదాకా కొరికింది. రెంచి మళ్లీ లేచింది, నాలుగు సార్లు. తర్వాత ఆమె కదల్లేదు.

అప్పటికి గానీ అతనికి యంత్రం గొంతు చెవిన పడలేదు.

"తలుపు తెరిచే ఉంది. మీరిద్దరూ చేతులు తీసిన మూడో సెకనులోనే తెరిచాను. ఐదుసార్లు చెప్పాను."

కంట్రోల్ గది గాజు కిటికీ అవతల పలక పూర్తిగా లేచి ఉంది. దాని కింద గడప మీద భ్రమరాంబ వంగి, కూలీని చంకల కింద పట్టుకుని లోపలికి లాగుతోంది. "నాన్నా, బతికే ఉన్నాం!" అని కేకేసింది.

కోటిలింగం కూతుర్ని చూశాడు. కాళ్ల దగ్గర పడి ఉన్న ఫిలోమినను చూశాడు. అప్పుడైనా కూలబడి ఏడవాల్సింది. యంత్రం వైపు తిరిగాడు.

"దేంతో తెరిచావు?"

"నెట్‌వర్క్ మేనేజర్‌తో."

"నాదానికేం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు. దేనితోనైనా తెరుచుకునేది. ఆ క్షణానికి ఆమెది నడుస్తోంది, అంతే."

చచ్చి కూడా గెలిచిందన్నమాట. ఆ మాట అతని బుర్రలో తిరిగింది, ఇంకేదీ మిగల్లేదు. రెంచిని రెండు చేతులా ఎత్తి నిర్ణేత పెట్టె నడిమధ్యన దించాడు. లోపలి రేడియో కార్డు రెండు ముక్కలైంది.

భ్రమరాంబ తల ఎత్తేలోపే పలక పడింది.